బస్తా ఎవరికి చవక?

అమెరికా నుంచో కెనడా నుంచో ఉద్యోగం మారి బహ్రెయిన్ వచ్చిన తెలుగు కుటుంబాలు రిఫాలో ఇల్లు దొరికిన వారంలోపే ఒక ప్రశ్న అడుగుతాయి: "ఇక్కడ కాస్ట్‌కో లాంటిది ఏమైనా ఉందా అండీ?" లేదు. ఏడాదికి ఇంత అని రుసుం కట్టి, గుమ్మం దగ్గర కార్డు చూపించి, షెడ్డులాంటి దుకాణంలో పెద్ద పెద్ద డబ్బాలు బండి మీద వేసుకొచ్చే పద్ధతి ఈ దీవిలో లేదు. జగిత్యాల నుంచో రాజోలు నుంచో నేరుగా వచ్చినవాళ్లు ఈ ప్రశ్న అడగరు. "సన్నబియ్యం ఎక్కడ దొరుకుతాయి, బస్తా ఎంత?" అంటారు. ఈ రెండు ప్రశ్నలూ ఒకటేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎక్కువ ఒకేసారి కొంటే నిజంగా మిగులుతుందా, మిగిలితే ఎవరికి మిగులుతుంది అన్నదే రెండింటిలోనూ ఉన్న సంగతి.

కార్డు దుకాణం సంగతి ముందు చూద్దాం. 1976లో అమెరికాలోని శాన్‌డియేగోలో సోల్ ప్రైస్ అనే వ్యాపారి, ఒకప్పుడు విమానాలు నిలిపిన షెడ్డు తీసుకుని ప్రైస్ క్లబ్ పెట్టాడు. ఏడాదికి 25 డాలర్లు కట్టిన చిన్న వ్యాపారులకే మొదట్లో ప్రవేశం. ఇరుగుపొరుగు హోటళ్లు, కొట్లవాళ్లు వచ్చి పెట్టెలకు పెట్టెలు పట్టుకెళ్లేవారు. తర్వాత ఉద్యోగులకూ తలుపు తెరిచారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న జిమ్ సినెగల్ మరొకరితో కలిసి 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో మొదలుపెట్టాడు. అదే ఏడాది వాల్‌మార్ట్ వాళ్లు ఓక్లహోమాలో శామ్స్ క్లబ్ తెరిచారు. పదేళ్లకు, 1993లో, గురువుగారి కంపెనీ, శిష్యుడి కంపెనీ కలిసిపోయాయి.

ఈ దుకాణాల కీలకం పెద్ద డబ్బాలో లేదు, లెక్కలో ఉంది. మామూలు సూపర్‌మార్కెట్‌లో ముప్పైవేల రకాల సరుకు ఉంటే కాస్ట్‌కోలో నాలుగువేలకు మించవు. టమాటా సాస్ ఒకటో రెండో రకాలు. దాంతో ఆ ఒక్క రకాన్ని కొండలా కొనగలరు, కంపెనీని గట్టిగా అడగగలరు. కొన్న ధర మీద 14, 15 శాతం కంటే ఎక్కువ వేసుకోకూడదని వాళ్లు పెట్టుకున్న నియమం. మరి బతికేదెలా? 2024 ఆర్థిక సంవత్సరంలో సభ్యత్వ రుసుముల మీద కాస్ట్‌కోకి వచ్చింది 480 కోట్ల డాలర్లకు పైనే. ఆ ఏడాది నికర లాభం సుమారు 737 కోట్ల డాలర్లు. రెండంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ ఇల్లు దేని మీద నిలబడిందో తెలుస్తుంది. కొనేవాడు ముందే డబ్బు కడతాడు, కట్టాడు కనుక అక్కడికే వస్తాడు.

చవక దుకాణం దారి వేరు. జర్మనీలోని ఎస్సెన్‌లో తల్లి నడిపిన చిన్న కొట్టును రెండో ప్రపంచయుద్ధం తర్వాత కార్ల్, థియో ఆల్‌బ్రెక్ట్ అన్నదమ్ములు అందుకున్నారు. 1962 నుంచి అది ఆల్డీ. కార్డు లేదు, రుసుం లేదు. సరుకును అరల్లో పేర్చే మనిషి ఖర్చు కూడా ఎందుకని అట్టపెట్టె పైభాగం కోసి అలాగే పెట్టేస్తారు. రకాలు తక్కువ, సొంత పేరుతో సరుకు ఎక్కువ. కిలో కావాలంటే కిలోనే కొనుక్కోవచ్చు. నాకు ఈ రెండిట్లో పెద్ద తేడాగా కనిపించేది ఇదే: మొదటిది ఎక్కువ కొంటేనే చవక ఇస్తుంది, రెండోది తక్కువ కొన్నా ఇస్తుంది. నెల జీతంలో ఇంటికి పంపగా మిగిలిన దాంతో బతికేవాడికి ఈ తేడా చిన్నది కాదు.

మన రాష్ట్రాల్లో రెండూ చూశాం. మెట్రో క్యాష్ అండ్ క్యారీ 2003లో బెంగళూరులో మొదలై హైదరాబాద్ వచ్చింది. వాల్‌మార్ట్ వాళ్ల బెస్ట్ ప్రైస్ విజయవాడ, గుంటూరు లాంటి చోట్ల తెరుచుకుంది. చట్టప్రకారం అవి టోకు దుకాణాలు, వ్యాపార లైసెన్సు ఉన్నవాళ్లకే కార్డు. కానీ బావమరిదికి మందుల షాపు ఉంటే ఆ కార్డు మీద ఇల్లంతా వెళ్లి నూనె డబ్బాలు తెచ్చుకోవడం అందరికీ తెలిసిందే. పండక్కి ముందు ఒక కార్డు మూడు ఇళ్లు తిరిగేది. బెస్ట్ ప్రైస్ 2020లో ఫ్లిప్‌కార్ట్ చేతికి, మెట్రో 2023లో రిలయన్స్ చేతికి వెళ్లాయి. ఈలోగా జనం మనసు గెలుచుకున్నది డీమార్ట్. 2002లో ముంబైలోని పవాయ్‌లో మొదలైన ఆ దుకాణం చాలామటుకు సొంత భవనాల్లో ఉంటుంది, సరఫరాదారులకు త్వరగా డబ్బు కట్టేస్తుంది, అలా మిగిలినదాన్ని ధరలో తగ్గిస్తుంది. కార్డు అక్కర్లేదు. మధ్యతరగతి ఇల్లాలు పది రూపాయలు తగ్గిందని చూసుకుని మరీ సంచీ నింపుకుంటుంది. కార్డు దుకాణాన్ని మనవాళ్లు అరువు కార్డుతో వాడుకున్నారు, డీమార్ట్‌ని తమదనుకున్నారు.

గల్ఫ్‌లో సభ్యత్వం ఉన్న దుకాణం అంటే కువైట్ సహకార సంఘాలే గుర్తుకొస్తాయి. 1962లో కైఫాన్‌లో మొదటిది వచ్చింది. పేటకొకటి, వాటాలు ఆ పేటలోని పౌరులవి, ఏడాది చివర లాభంలో పంపకం. కొనుక్కోవడానికి మనమూ వెళ్లొచ్చు, వాటా మాత్రం మనకు రాదు. బహ్రెయిన్‌లో అంత బలమైన సహకార దుకాణాలు కూడా లేవు. ఇక్కడ రాజ్యమేలేది హైపర్‌మార్కెట్. 1963లో పారిస్ దగ్గర కారఫూర్ చూపించిన నమూనా అది: ఒకే కప్పు కింద చేపల నుంచి చెప్పుల దాకా, బయట బోలెడు పార్కింగు. ఆ కారఫూర్ పేరే 2025 సెప్టెంబర్‌లో బహ్రెయిన్‌లో మాయమై ఆ దుకాణాల మీద హైపర్‌మ్యాక్స్ అన్న బోర్డు వచ్చింది. మనవాళ్ల నోట ఎక్కువగా ఆడేది మాత్రం లులు. త్రిసూర్ జిల్లా మనిషి యూసుఫ్ అలీ గల్ఫ్‌లో పెంచిన ఆ కంపెనీ 2023లో హైదరాబాద్ కూకట్‌పల్లిలో మాల్ తెరిచినప్పుడు, రిఫాలోని మా వీధి కుర్రాళ్లు ఫోన్లో వీడియోలు చూపించుకుని మురిసిపోయారు, తామే ముందు చూశామని.

కార్డు దుకాణం ఇక్కడ ఎందుకు రాలేదో నా ఊహ నాకుంది. బహ్రెయిన్ వైశాల్యం ఎనిమిది వందల చదరపు కిలోమీటర్ల లోపు, జనాభా పదిహేను లక్షల పైచిలుకు. అందులో సగానికి పైగా వీసా మీద ఉన్నవాళ్లు, రెండేళ్ల కాంట్రాక్టు చూసుకుని బతికేవాళ్లు. వచ్చే ఏడాది ఇక్కడే ఉంటామన్న భరోసా ఉన్నవాడే ఏడాది రుసుం కడతాడు. ఇంట్లో సామాను గది ఉన్నవాడే నలభై ఎనిమిది చుట్టల టిష్యూ కొంటాడు. రిఫాలో అలాంటి ఇళ్లు లేవని కాదు. పశ్చిమ రిఫాలో, రిఫా వ్యూస్ వైపు విల్లాలు చాలా ఉన్నాయి. తూర్పు రిఫాలో సూక్ చుట్టుపక్కల పాత ఇళ్లలో ఒక్కో గదికి ఆరుగురు, ఎనిమిదిమంది ఉంటారు. అక్కడ మంచం కిందే సామాను గది.

ఈ ఊళ్లో నెల సరుకులకు దారులు నాలుగు. లులు లాంటి హైపర్‌మార్కెట్లు మొదటివి. అల్ ముంతజా, రామెజ్ లాంటి, ధర తగ్గింపు కాగితాల మీద నడిచే దుకాణాలు రెండోవి. మూడోది మనామా. సెంట్రల్ మార్కెట్లో కూరగాయలు పెట్టె లెక్కన దొరుకుతాయి, పాత బజారులో కృష్ణ మందిరం చుట్టుపక్కల కరివేపాకు, పూలు, అరిటాకులు. నాలుగోది వీధి చివరి కోల్డ్ స్టోర్, అరబ్బీలో బరాదా. హైపర్‌మార్కెట్ల గురించి అందరికీ తెలుసు కనుక బరాదా గురించే నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి.

బరాదాలో ధర ఎక్కువ. ఇది దాచేదేమీ లేదు. కానీ అక్కడ పుస్తకం ఉంటుంది. గది నంబరో పేరో రాసి, తీసుకున్న పాలు, బ్రెడ్డు, గుడ్లు, రీచార్జి కార్డు కింద కింద వేస్తారు. జీతం పడ్డాక చెల్లు. కారు ఆపి హారన్ కొడితే కుర్రాడు పరుగెత్తుకొస్తాడు, ఫోన్ చేస్తే రాత్రి పదకొండింటికి కూడా నీళ్ల డబ్బా మెట్లెక్కుతుంది. హైపర్‌మార్కెట్లో కిలో మీద, ఇక్కడి చిల్లర లెక్కలో, యాభై ఫిల్సులు తగ్గొచ్చు, నెల ఇరవయ్యో తేదీన అప్పు మాత్రం పుట్టదు. జీతం రెండు నెలలు ఆగిన కంపెనీల కుర్రాళ్లు బరాదా పుస్తకం మీదే గడిపిన రోజులు నాకు తెలుసు. వాళ్లను "ఆఫర్లు చూసుకుని కొనుక్కోవచ్చు కదా" అనడం అన్యాయం. ఆఫర్ అనేది చేతిలో నగదు ఉన్నవాడికే ఆఫర్.

ఇక సరుకు సరుకుగా చూద్దాం.

బియ్యం మొదటిది. అరబ్బులకు బాస్మతి, మనకు సోనా మసూరి. ఇక్కడ అయిదు, పది, ఇరవై కిలోల సంచుల్లో దొరుకుతాయి. లెక్క సులువుగా ఉండడానికి అయిదు కిలోల సంచికీ ఇరవై కిలోల బస్తాకీ కిలోకు ముప్పై ఫిల్సుల తేడా ఉందనుకుందాం. ముగ్గురున్న ఇంట్లో రోజుకు ఆరువందల గ్రాములు వండితే బస్తా నెల దాటి వస్తుంది, మిగిలేది ఆరువందల ఫిల్సులు. ఆరుగురు కష్టజీవులున్న గదిలో మనిషికి నాలుగువందల గ్రాముల చొప్పున రోజుకు రెండు కిలోల నాలుగువందలు. బస్తా తొమ్మిదో రోజుకు ఉండదు. నెలకు దాదాపు నాలుగు బస్తాలు, రెండు దీనార్లకు పైన మిగులు. ఒక దీనారంటే మన లెక్కలో రెండువందల రూపాయల పైమాట. అంటే అదే బస్తా, అదే తగ్గింపు, గదికి ఎక్కువ ఫలం, చిన్న ఇంటికి తక్కువ. పైగా చిన్న ఇంట్లో ఆగస్టు, సెప్టెంబర్ ఉక్కకు బస్తా అడుగున పురుగు మొదలవుతుంది. రోడ్డు పక్క వేపాకు ఎండబెట్టి, నాలుగు ఎండుమిరపకాయలు కలిపి వేస్తే కొంత ఆగుతుంది కానీ, అసలు మందు త్వరగా తినేయడమే.

కందిపప్పు, మినప్పప్పు కూడా ఇంతే, కానీ పురుగు ఇంకా తొందర. రెండు కిలోలకు మించి ఇంట్లో పెట్టడం దండగ. నూనె పెద్ద డబ్బా అయితే లాభమే, డబ్బా మూత సరిగా బిగించే అలవాటుంటే. బట్టల సబ్బుపొడి, గిన్నెల సబ్బు, టిష్యూలు పాడయ్యేవి కావు. వీటిని మాత్రం ఎప్పుడు తగ్గింపు పెడితే అప్పుడు, చోటున్నంత తెచ్చుకోవడమే తెలివి. పన్ను వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. 2019 జనవరిలో అయిదు శాతంతో మొదలైన వ్యాట్ 2022 జనవరి నుంచి పది శాతం అయింది. బియ్యం, కూరగాయలు, మాంసం లాంటి 94 రకాల ముఖ్యమైన తిండి సరుకుల మీద అది సున్నా. సబ్బుల మీద మాత్రం పూర్తిగా పడుతుంది. కనుక నిజమైన తగ్గింపు సబ్బుల అరలో వెతుక్కోవాలి.

మిరపపొడి, చింతపండు, ఆవకాయ గురించి ఏ దుకాణంతోనూ పోలిక లేదు. అవి ఊరి నుంచి వచ్చే పెట్టెలోనే వస్తాయి. విమానంలో ముప్పై కిలోలకు అనుమతి ఉంటే ఇరవై కిలోలు అమ్మ సర్దినవే.

ఒకసారి మోసపోయిన సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి దుకాణాల్లో రెండు సీసాలకు ఒకటి ఉచితమని మూడింటినీ పారదర్శకపు టేపుతో గట్టిగా చుట్టి పెడతారు. అలాంటి నూనె కట్ట ఒకటి తెచ్చాను. ఇంటికొచ్చి కత్తితో టేపు కోస్తే బయటి రెంటి మీద గడువు ఇంకా ఏడాది ఉంది, మధ్యదాని మీద పద్దెనిమిది రోజులే. తేదీ ఉన్న వైపు లోపలికి తిప్పి చుట్టారు. తిరిగి వెళ్తే, తీసుకునేముందు చూసుకోవాలి కదా అన్నారు. ఆ రోజు నుంచి టేపు చుట్టిన కట్టను నేను వెలుతురుకు ఎత్తి, మూడు మూతలూ మూడు తేదీలూ చూడనిదే ట్రాలీలో వేయను. కట్ట ధరను మొత్తం లీటర్లతో భాగించి, పక్కనే విడిగా ఉన్న సీసాతో పోల్చుకుంటాను. పదిసార్లలో రెండు మూడుసార్లు విడి సీసాయే చవకగా తేలుతుంది. ఫోన్‌లో లెక్క చూసుకోవడానికి నిమిషం పట్టదు, సిగ్గుపడాల్సిన పనీ లేదు.

ఎక్కువ కొని పెట్టుకోవడం ఒక్కోసారి లెక్క దాటి భయంగా మారుతుంది. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. అమెరికాలో తెలుగువాళ్లు సోనా మసూరి కోసం ఇండియన్ దుకాణాల ముందు వరుస కట్టిన వీడియోలు మన ఫోన్లకు వచ్చాయి. కొన్ని చోట్ల మనిషికి ఒక్క బస్తానే అన్నారు. కార్లున్నవాళ్లు, గ్యారేజీలున్నవాళ్లు అయిదేసి బస్తాలు నింపుకున్నారు. వారం దాటగానే యూఏఈ తన దేశం నుంచి బియ్యం మళ్లీ బయటకు పంపడాన్ని నాలుగు నెలలు ఆపింది. రిఫాలో మా గదుల్లోనూ మాట నడిచింది. ఎవరి దగ్గరా అయిదు బస్తాల డబ్బు లేదు, చోటూ లేదు. రెండేసి తెచ్చుకుని, మధ్యాహ్నం అన్నం, రాత్రి ఖుబ్బూస్ రొట్టె అనుకున్నారు. నిషేధం 2024 సెప్టెంబర్ చివర తొలగింది. అప్పుడు నిల్వ చేసినవాళ్లను తప్పుపట్టను, పిల్లలకు అన్నం ఉండాలనే కదా. కానీ ఒకరి గ్యారేజీ నిండినప్పుడు అర ఖాళీ అవుతుంది, ఆ అర దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాడు ఎప్పుడూ నెల జీతం కోసం ఎదురుచూసినవాడే.

అందుకే ఈ ప్రశ్నకు నా జవాబు దుకాణాల్లో లేదు, గదుల్లో ఉంది. తూర్పు రిఫాలో నాకు తెలిసిన ఒక మెస్ ఉంది. జగిత్యాల వైపువాళ్లు నలుగురు, కోనసీమ వాళ్లు ఇద్దరు. ఒక్కొక్కరిగా చూస్తే ఎవరికీ కారు లేదు, ఫ్రిజ్ లేదు, ముందస్తుగా పెట్టే డబ్బు లేదు. ఆరుగురూ కలిస్తే అన్నీ ఉన్నాయి. జీతం పడ్డ తర్వాతి శుక్రవారం మనిషికింత అని పోగేస్తారు. అదే వాళ్ల సభ్యత్వ రుసుం. ఏం కొనాలో జాబితా పది రకాలకు మించదు. అదే వాళ్ల నాలుగువేల రకాల నియమం. కంపెనీ పికప్ నడిపే అన్న ఉచితంగా బండి తెస్తాడు, ఆయన వాటాలో ఆ నెల నూనె డబ్బు తగ్గిస్తారు.

నేనున్న ఒక శుక్రవారం బస్తా విప్పారు. దారం కుట్టు ఒక చివర పట్టి లాగితే జర్రున వచ్చేస్తుంది, రెండో చివర పట్టుకుంటే బిగుసుకుపోతుంది. అందరిలో చిన్నవాడు తప్పు చివర పట్టుకుని కత్తెర అడిగాడు.

"కత్తెర పెట్టకు తమ్మీ, సంచి ఖరాబైతది. ఇటు కొస వట్టి గుంజు," అన్నాడు పెద్దాయన.

"మా ఊళ్లో గోనెసంచికి కుట్టు ఇలా ఉండదండి," అన్నాడు రాజోలు కుర్రాడు.

"ఉండదా? మరి ధాన్యం ఎట్ల గుంజుతరు?"

"కత్తెరే అండి."

ఖాళీ సంచి వాళ్లకు అక్కరకొస్తుంది. ఊరికెళ్లేటప్పుడు దుప్పట్లు అందులోనే కట్టుకుంటారు. బియ్యం రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో పోశారు. నీలం మగ్గుతో కొలత: మధ్యాహ్నానికి మూడు, రాత్రికి మూడు. ఎవరైనా ఓవర్‌టైమ్‌కి వెళ్లి రాత్రి రాకపోతే అర మగ్గు తగ్గించి, గోడకు వేలాడే పుస్తకంలో అతని పేరు ఎదురుగా చుక్క పెడతారు. నెలాఖరున చుక్కలు లెక్కపెట్టి అంత తగ్గిస్తారు. ఏ కార్డు దుకాణమూ సభ్యుడు తినని భోజనానికి డబ్బు వెనక్కివ్వదు. ఈ గది ఇస్తుంది.

విల్లాల్లో, ఫ్లాట్లలో ఉండే మన కుటుంబాలకు ఈ పద్ధతి రాదనుకోను. మా భవనంలోనే నాలుగు తెలుగు ఇళ్లున్నాయి. నాలుగిళ్లకూ నాలుగు కార్లు, నాలుగుసార్లు లులు, నాలుగు ఇరవై కిలోల బస్తాలు, నాలుగిళ్లలోనూ వర్షాకాలంలో లాగా పురుగు. పోయిన ఏడాది నుంచి రెండిళ్లం కలిశాం. ఒక బస్తా, సగం సగం, పది రోజులకోసారి సెంట్రల్ మార్కెట్ నుంచి టమాటా పెట్టె, ఉల్లిపాయల సంచి. పప్పు ఒకరిది, నూనె ఒకరిది. మొదట్లో ఇబ్బందిగా ఉండేది, అయిదువందల ఫిల్సుల కోసం తలుపు కొట్టడమా అని. ఇప్పుడు మా ఆవిడే గిన్నె పట్టుకుని వెళ్తుంది: "అక్కా, ఈసారి మీ వాటా ఎక్కువొచ్చింది, తీసుకోండి."

ఆ మెస్‌కి మొన్న మళ్లీ వెళ్లాను. పెద్దాయన సెలవు మీద ఊరికెళ్తున్నాడు, మర్నాడు రాత్రి విమానం. బస్తా మంగళవారమే విప్పారు. ఆయన తిన్నవి అయిదు పూటలు. పుస్తకం దించి ఆయన పేరు కింద రాజోలు కుర్రాడు లెక్క వేస్తున్నాడు. ఆయన వద్దంటున్నా వినడం లేదు, "లెక్క లెక్కేనండి" అంటూ పైసాకి పైసా తేల్చి, చిల్లర నాణేలు ఒక్కొక్కటే ఆయన అరచేతిలో పెట్టాడు.